చూలాలి చూపు

మైథిలికి ఐర్లండ్ నచ్చడానికి ఒకే ఒక్క కారణం: ఈ దేశంలో పాములు లేవు. పెళ్ళిచూపుల్లో గిరీష్ తన ఉద్యోగం గురించీ, గాల్వేలో సముద్రపు గాలి గురించీ గంటసేపు ఊదరగొట్టాడు. ఆ పిల్ల చెవికెక్కింది మాత్రం ఈ ఒక్క మాటే. "నిజంగా లేవా? ఒక్కటి కూడా?" అని రెట్టించి అడిగితే, పెళ్ళికొడుకు తెల్లమొహం వేశాడు.

దివిసీమలో పుట్టినవాళ్ళకే ఆ మాట విలువ తెలుస్తుంది. అవనిగడ్డ పక్కన వాళ్ళ ఊళ్ళో వానాకాలం వస్తే మంచం దిగే ముందు కింద టార్చిలైటు వేసి చూసుకోవాలి. చెప్పులు దులిపి తొడుక్కోవాలి. దొడ్లోకి వెళ్తే చప్పట్లు కొట్టుకుంటూ వెళ్ళాలి. ఆమె రెండో తరగతి చదివేటప్పుడు చిన్నాన్నని చేలో పాము కరిచింది. ఆస్పత్రి వరండాలో ఆయన రెప్పలు వాలిపోతుంటే, "కళ్ళు తెరువురా, తెరిచే ఉంచు" అని నాన్న అరిచిన అరుపు ఆమెకి ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. ఆయన తెరవలేదు.

అందుకే గాల్వే వచ్చిన మొదటి వేసవిలో ఆమె ఇంటివెనక గడ్డిలో చెప్పుల్లేకుండా నడిచింది. పక్కింటి పెద్దావిడ మిసెస్ కీన్ గోడ మీదుగా చూసి, చలి చేస్తుంది లోపలికి వెళ్ళమ్మా అంటే, "మా ఊళ్ళో ఇలా నడవలేం" అని చెప్పి ఇంకో రెండు చుట్లు తిరిగింది.

మైథిలి పని చేసేది వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో. గుండెనాళాల్లోకి ఎక్కించే సన్నటి గొట్టాలు వరసగా వస్తుంటాయి. వాటిని పెద్ద భూతద్దం కింద పెట్టి, ఎక్కడ గీత ఉందో, ఎక్కడ బుడగ ఉందో పట్టుకోవడం ఆమె పని. వెంట్రుకవాసి లోపం కూడా ఆ కళ్ళని దాటిపోదు. మనిషి మెతకే గానీ ఆ చూపంటే అక్కడ అందరికీ హడలు.

అంత చూపున్న మనిషి ఒక్క చోట మాత్రం కళ్ళు మూసుకుంటుంది. స్కానింగ్ గదిలో. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి స్కానింగ్‌లో స్క్రీన్ వంక తనే చూసింది. స్కాన్ చేసే అమ్మాయి నోరు విప్పకముందే, అందులో కదలిక లేదన్న సంగతి మైథిలి కళ్ళు పట్టేశాయి. లోపాలు పట్టే కళ్ళు కదా. ఇప్పుడు మూడోసారి, ఐదో నెల. స్కానింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకుని, గిరీష్ చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంటుంది. చూసి చెప్పేది అతనే.

ఇంట్లో ఇంకొకటి కూడా ఆమె తెరవనిది ఉంది. మేడమీద వేడినీళ్ళ సిలిండర్ ఉండే వెచ్చని అలమర, ఇక్కడివాళ్ళు హాట్ ప్రెస్ అంటారు, అందులో పై అరలో ఒక మూట. పొత్తిళ్ళకని అమ్మ తన పాత నూలుచీరలు మెత్తగా ఉతికి మొదటిసారే పంపింది. ఆ మూట ముడి విప్పలేదు. తువ్వాళ్ళు కూడా కింది అరల్లోంచే తీసుకుంటుంది.

ఇలాంటి ఇంటికి గిరీష్ ఒక గాజుపెట్టె తెచ్చాడు.

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. గిరీష్ మొహమాటానికి పోతే ఇంటికి పాము వచ్చింది. అడిగితే కాదనలేని మనిషి అతను. 'అలాగే' అనడానికి ఇక్కడివాళ్ళు 'గ్రాండ్' అంటారు; ఆ మాట అతని నోట్లోనే ఉంటుంది. ఇంకొకళ్ళ సోఫా మొయ్యమన్నా 'గ్రాండ్' అంటాడు, సెలవురోజు పని చెయ్యమన్నా 'గ్రాండ్' అంటాడు.

"ఏమండీ, ఆ పెట్టెలో ఏవిటది?" అంది మైథిలి గుమ్మంలోంచి.

"కంగారు పడకు. కార్న్ స్నేక్. విషం లేదు, చాలా సాధువు. పేరు బిస్కెట్."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మిగతా సంభాషణంతా తలుపుకి అటూ ఇటూ జరిగింది.

"మా టీంలో డెక్లన్ లేడూ, ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడు. అక్కడికి దీన్ని తీసుకెళ్ళనివ్వరట. ఎవర్నడిగినా వద్దన్నారట. నా వంక చూశాడు పాపం."

"మీరు గ్రాండ్ అనేశారు."

"అలా కాదు మైథిలీ..."

"గ్రాండ్ అన్నారా లేదా?"

"అన్నాను."

"నేను ఏ నెలలో ఉన్నానో తెలుసా మీకు?"

అవతల పెట్టె కింద పెట్టిన చప్పుడైంది. ఆమె వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. ఏడు సముద్రాలు దాటి వచ్చినా దివిసీమ తన వెనకాలే వచ్చి గుమ్మంలో కూర్చున్నట్టు అనిపించింది.

పెట్టె మేడమీద ఖాళీగదిలోకి చేరింది. ఆ గది ఎవరి కోసం ఖాళీగా ఉంచారో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. పాము తిండి ఫ్రీజరులో చేరింది: గడ్డకట్టిన చిట్టెలుకలు, రొయ్యల పొట్లం కింద, నల్ల కవర్లో. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రొయ్యల కూర లేదు.

గిరీష్ మొదటి వారం చిట్టెలుకని వేడినీళ్ళలో నానబెట్టి, పొడవాటి పటకారుతో పట్టుకుని పాము ముందు ఆడించాడు. అది మొహం తిప్పుకుంది. పై వారం మళ్ళీ ఆడించాడు. అది చెక్కపొట్టులోకి దూరిపోయింది. "కొత్త చోటు కదా, బెరుకు" అన్నాడు గిరీష్. మెట్ల మీద నుంచి ఇదంతా వింటున్న మైథిలికి కొత్త భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ పాము తనని ఏం చేస్తుందోనని భయం. ఇప్పుడు అది చచ్చిపోతే? చూలాలున్న ఇంట్లో, తిండి లేక, పాము చచ్చిపోతే? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది ఆమె పని.

ఇక ఉండబట్టలేక అమ్మకి వీడియో కాల్ చేసింది. తిడుతుందనుకుంది. ఫోనులో తల్లి సత్యవాణి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"స్వామే వచ్చాడేమోనే! మోపిదేవిలో మొక్కుకున్నానా, పుట్టే బిడ్డకి సుబ్రహ్మణ్యేశ్వరుడి పేరు పెడతాం, బిడ్డని దక్కించు స్వామీ అని. వెతుక్కుంటూ వచ్చాడు."

"అమ్మా, అది ప్లాస్టిక్ పెట్టెలో పుట్టిన పాము. పేరు బిస్కెట్."

"పేరేదైతేనేం. పస్తు మాత్రం ఉంచకే. ఉసురు తగుల్తుంది."

"నాకు భయమేస్తోందమ్మా. ఆ గదిలోకి వెళ్ళలేకపోతున్నాను."

"పిచ్చిదానా, నీకేం భయం? కడుపుతో ఉన్నదాన్ని పాము ఏం చెయ్యదు. చూలాలి చూపు పడితే దానికి కళ్ళు కనపడవు. అలా నిలబడిపోతుంది. మా నాయనమ్మ చెప్పేది. నువ్వే ధైర్యంగా చూడు, అదే జడుసుకుంటుంది."

సత్యవాణి ధైర్యం చెబుదామనే అంది. తల్లులు ధైర్యం చెప్పినప్పుడే పిల్లలు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

అమ్మ మాట పట్టుకుని మైథిలి ఆ సాయంత్రం ఖాళీగది తలుపు తీసింది. మొదటిసారి పాముని సరిగ్గా చూసింది. నారింజరంగు మచ్చలు, చిటికెన వేలంత లావు. గాజుకి అవతల నుంచి నల్లపూసల్లాంటి కళ్ళతో అదీ చూసింది. ఆమె చాలాసేపు చూసింది. అది కదల్లేదు. మర్నాడు కూడా వెళ్ళి చూసింది. భయం కాస్త తగ్గినట్టే అనిపించి, అన్నం కూడా కడుపునిండా తింది.

మూడునాలుగు రోజులు గడిచాక ఆఫీసు నుంచి వచ్చి చూస్తే పాము రంగు మాసిపోయి ఉంది. వంగి దగ్గరగా చూసింది. కళ్ళు! నల్లపూసలు పోయి, పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. రెండు కళ్ళూ.

ఆమెకి ఒళ్ళు చల్లబడింది. భూతద్దం కింద లోపం పట్టుకున్న ఆమె చూపు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. గుడ్డిదైపోయింది. తన చూపు పడింది, గుడ్డిదైపోయింది. మోపిదేవి స్వామికి మొక్కి తెచ్చుకున్న బిడ్డని కడుపులో పెట్టుకుని, ఆ స్వామి జీవానికే కళ్ళు తీసేసింది. ఇంకేం మిగుల్తుంది? కడుపు మీద చెయ్యి వేసుకుని వెనక్కి వెనక్కి నడిచి, గదిలోంచి బయటపడి, దుప్పటి తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని గాజుపెట్టె మీద కప్పేసింది.

"దుప్పటెందుకు?" అన్నాడు గిరీష్.

"బెరుకన్నారుగా. చీకటిగా ఉంటే తింటుందేమోనని. మీరు కూడా తియ్యకండి" అంది.

అతను నిజంగానే తియ్యలేదు. చెప్పింది వినే మొగుడు దొరకడం అదృష్టమే గానీ అన్ని వేళలా కాదు. పాము తినడం లేదని గిరీష్ డెక్లన్‌కి మెసేజ్ పెట్టాడు. అక్కణ్ణుంచి తీరుబడిగా జవాబు వచ్చింది. గిరీష్ టీ తాగుతూ ఫోన్ చూసి, "దాని కళ్ళు ఏమైనా తెల్లబడ్డాయా అని అడుగుతున్నాడు. నువ్వేమైనా గమనించావా?" అన్నాడు.

మైథిలి గుండె ఆగిపోయినంత పనైంది. ప్రపంచానికి అవతలి ఒడ్డున ఉన్నవాడికి కూడా తెలిసిపోయింది. ఒప్పుకుంటే? గిరీష్ మొహంలో కూడా ఆ భయం కనిపిస్తే తను తట్టుకోగలదా?

"లేదే. బాగానే ఉన్నాయి" అంది సింకు వైపు తిరిగి.

అదీ ఆమె చేసిన తప్పు. ఆ ఒక్క మాట నిజం చెప్పి ఉంటే కథ ఆ టీ కప్పు దగ్గరే అయిపోయేది. కానీ అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ భూతం ఆమెని నిద్రపోనివ్వలేదు, అమ్మ ఫోన్ ఎత్తనివ్వలేదు. పనిలో తొలిసారి గీతలున్న గొట్టం ఒకటి ఆమె చెయ్యి దాటిపోయింది. పక్క అమ్మాయి చూసి ఆపింది గానీ లేకపోతే పోయేదే.

ఆ శనివారం గిరీష్‌కి డబ్లిన్‌లో, లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో పని పడింది. "నేనొచ్చాక చూద్దాంలే దాని తిండి సంగతి" అని పొద్దున్నే బస్సెక్కాడు. మైథిలి మధ్యాహ్నం దాకా ఇల్లంతా తుడిచింది. తుడిచిందే తుడిచింది. దుప్పటి కింద ఏ చప్పుడూ లేదు. చచ్చిపోయిందేమో. ఇంకా చావలేదేమో. గుడ్డిదానికి తిండి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నోటి దాకా ఎవరో పెట్టాలి. గుడ్డిదాన్ని చేసింది నేను, పెట్టాల్సిందీ నేనే అనుకుంది. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఫ్రీజరు తెరిచింది.

చిట్టెలుకని వేడినీళ్ళలో నానబెట్టింది. గిరీష్ పటకారు ఎక్కడ పెట్టాడో కనపడలేదు. పొయ్యి మీంచి గిన్నెలు దించే పట్టకారుతో, అమ్మ ఇచ్చిన దానితోనే, పట్టుకుంది. గది ముందు నిలబడి చున్నీ తీసి కళ్ళకి గట్టిగా గంతలు కట్టుకుంది. మళ్ళీ చూపు పడకూడదు. తడుముకుంటూ వెళ్ళి, దుప్పటి లాగి, మూత పక్కకి నెట్టింది.

"తిను నాన్నా" అంది. "నీకు దణ్ణం పెడతాను. నా బిడ్డ జోలికి రాకు. తిను."

బుస్సుమని చిన్న శబ్దం. మణికట్టు మీద ఏదో చల్లగా, పొడిగా రాసుకుంది.

ఆమె పెట్టిన కేక మిసెస్ కీన్ ఇంటిదాకా వినిపించి ఉంటుంది. పట్టకారు ఎక్కడ పడిందో, తలుపు ఎలా వేసిందో తెలియదు. మెట్లు దిగి, గంతలు లాగేసి, కింద గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి గుర్తొచ్చింది. మూత వెయ్యలేదు. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది.

మళ్ళీ పైకి వెళ్ళి చూసేసరికి గాజుపెట్టె ఖాళీగా ఉంది.

అప్పుడు కడుపు బిగుసుకుంది. చిన్న నొప్పి కాదు. కింద నుంచి పైకి ఎవరో తాడు బిగించినట్టు. మొదటిసారి కూడా ఇలాగే మొదలైంది. మైథిలి మెట్టు మీద కూలబడి గిరీష్‌కి ఫోన్ చేసింది.

"పాము పోయింది. నొప్పొస్తోంది" అంది.

అతను ఏమీ అడగలేదు. "బయల్దేరుతున్నాను. మిసెస్ కీన్‌ని పిలువు. ఎడమవైపు తిరిగి పడుకో. పాముని వదిలెయ్. అది వెచ్చగా ఉన్నచోట దాక్కుంటుంది, నిన్నేం చెయ్యదు. వింటున్నావా? పడుకో."

పడుకుంది. మిసెస్ కీన్ నంబరు నొక్కింది, ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం ఆవిడ చర్చికి వెళ్తుంది. ఇంట్లో చప్పుడల్లా గాలిదే. మెల్లగా బిగువు సడలింది. మళ్ళీ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసింది. రాలేదు. కానీ గిరీష్ అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. వెచ్చగా ఉన్న చోటు. ఈ ఇంట్లో వెచ్చగా ఉండేది ఒక్క చోటే.

ఆ అలమరలో సిలిండర్ వెనక సందు ఉంది. పడితే ఇక పైకి రాలేదు. గుడ్డిది.

గోడ పట్టుకుని నడిచింది. హాట్ ప్రెస్ తలుపు ఎప్పటిలాగే సరిగ్గా మూసుకోలేదు. తీసింది. కింది అరలో తువ్వాళ్ళు. మధ్య అరలో దుప్పట్లు. పైకి చూడటానికి ధైర్యం చాల్లేదు. ఏ అరకైతే ఇన్నాళ్ళూ చెయ్యి చాచలేదో అక్కడే ఉంటుందని ఆమెకి ముందే తెలుసు. కష్టాలకి దారి చూపించక్కర్లేదు, అవే వెతుక్కుంటూ వస్తాయి. ఏదైతే అదయిందని తల ఎత్తింది.

అమ్మ మూట ముడి ఎప్పుడో వదులైపోయినట్టుంది. పసుపుపచ్చ నూలుచీర అంచు వేలాడుతోంది. దాని మీదుగా, అర చివర మేకుకి తట్టుకుని, ఒక పలచని గొట్టం. తెల్లగా, కాగితంలా, వెలుగు కనపడేంత సన్నగా. కుబుసం. ఇంకా తడిగా ఉంది. దాని వెనక, చీర మడతల్లో చుట్ట చుట్టుకుని, కొత్త నారింజరంగులో మెరుస్తూ బిస్కెట్.

కళ్ళు నల్లగా నిగనిగలాడుతున్నాయి. తన వంకే చూస్తున్నాయి.

కళ్ళు మూసుకోవాలన్న సంగతి మైథిలి మర్చిపోయింది. చెయ్యి దానంతటదే కుబుసం అందుకుంది. పనిలో చేసినట్టే కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి, కొస నుంచి కొస దాకా చూసింది. ఎక్కడా చిరగలేదు. తల దగ్గర, కళ్ళు ఉండాల్సిన చోట, రెండు చిన్న గుండ్రటి పొరలు. అద్దాల్లా. కళ్ళ మీది పొర కూడా చర్మంతో పాటే ఊడి వచ్చింది.

తన చూపు దాన్నేం చెయ్యలేదు. పాత చర్మం వదిలే ముందు దానికి కళ్ళు మసకబారాయి, అంతే. కొత్త చోటన్న బెరుకుకి ఆ మసక కూడా తోడై, లోకమంటే భయపడి తిండి ముట్టలేదు. తనూ అంతే కదా! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అలమర తలుపు పట్టుకుని, పాము ముందు నిలబడి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

పెట్టె పక్కన పడిపోయిన చిట్టెలుకని వెతికి మళ్ళీ వేడినీళ్ళలో వెచ్చబెట్టింది. పట్టకారుతో పట్టుకుని పైకెత్తింది. పాము నాలుక ఒకసారి బయటికి వచ్చింది, రెండుసార్లు వచ్చింది. తల వెనక్కి లాగింది. మైథిలి కదల్లేదు. అది మెరుపులా వచ్చి అందుకుంది. అమ్మ చీర మీదే చుట్టేసి, తీరిగ్గా, దవడలు ఇటూ అటూ జరుపుకుంటూ మింగింది. చిట్టెలుక తోక కొస లోపలికి పోయేదాకా ఆమె రెప్ప వాల్చకుండా చూసింది.

గిరీష్ వచ్చేసరికి సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. పాముని పెట్టెలో పెట్టి మూత బిగించి, కారు తాళాలు తీశాడు. ఆస్పత్రికి వెళ్ళే దారిలో ఆమె అంతా చెప్పింది.

"డెక్లన్ అందుకే అడిగాడు మైథిలీ. కుబుసం విడిచే ముందు కళ్ళు తెల్లబడతాయట, తిండి ముట్టదట. తెల్లబడ్డాయని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందనిపించింది."

"దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాంలే" అన్నాడు.

"ఎవరు తీసుకుంటారు, మీలాంటివాడు ఇంకొకడు దొరకొద్దూ" అంది. కడుపు మీద చెయ్యి తియ్యకుండానే అంది. దారిలో మళ్ళీ ఒకసారి బిగుసుకుంది మరి. పాము తిన్నంత మాత్రాన ఏదీ ఖాయం కాదని ఆమెకి తెలుసు. మొక్కులూ, ఉసురులూ తేలిపోయాక మిగిలిన భయం ఇంకా పెద్దది. దానికి కారణమంటూ ఎవరూ లేరు.

స్కానింగ్ గదిలో స్కాన్ చేసే అమ్మాయి చల్లని జెల్లు రాసింది. దీపం తగ్గించింది. గిరీష్ అలవాటుగా గోడవైపుకి వచ్చి నిలబడి, నలిపేసుకోవడానికి చెయ్యి ఇచ్చాడు. మైథిలి చెయ్యి అందుకుంది. గోడని చూసింది. అక్కడ చేతులు కడుక్కోమని చెప్పే బొమ్మ ఉంది. ప్రతిసారీ ఆ బొమ్మనే చూసింది, అందులో వేళ్ళెన్నో కూడా ఆమెకి తెలుసు.

"స్క్రీన్ కొంచెం ఇటు తిప్పుతారా?" అంది.

"మైథిలీ, నేను చూసి చెప్తాలే" అన్నాడు గిరీష్ గాభరాగా.

"వద్దు. మీరు అన్నిటికీ గ్రాండ్ అంటారు."

ఆ అమ్మాయి స్క్రీన్ తిప్పింది. మైథిలి తల ఇటు తిప్పి కళ్ళు తెరిచింది. బూడిదరంగు మసక. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత ఆ మసకలో ఒక మూల, మిణుకు మిణుకుమంటూ, ఆగకుండా, చిన్నగా కొట్టుకుంటూ.

ఆమె ఆ కదలికని వెంట్రుకవాసి కూడా వదలకుండా చూసింది. లోపమేదీ కనిపించలేదు.